స్నార్కెల్‌లోకి నీళ్లు రాకుండా ఈదడం ఎలా? పది బారలకోసారి పొలమారుతోంది

కొత్తబార (హైదరాబాద్) | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు మా ఊరి దిగుడుబావిలో బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్నవాణ్ణి. నీళ్లంటే భయం లేదు. వచ్చే నెల ఇంటిల్లిపాదీ అండమాన్ వెళ్తున్నాం, స్నార్కెల్ (మొహం నీళ్లలో ఉంచి నోటితో ఊపిరి తీసుకునే గొట్టం) పెట్టుకుని చేపలు చూద్దామని. అక్కడ అద్దెకిచ్చే గొట్టం అంతకుముందు ఎవరెవరి నోట్లో ఉందో అని మా ఆవిడ ఒప్పుకోలేదు. అందుకని మాస్కూ స్నార్కెలూ కలిపి ఒక సెట్టు కొన్నాను. వారం నుంచి అపార్ట్‌మెంట్ పూల్‌లో ప్రాక్టీసు చేస్తున్నా.

మొహం నీళ్లలో పెట్టి ఏడెనిమిది బారలు వేస్తానో లేదో, గొట్టంలో గుడగుడ మొదలు. ఇంకో రెండు బారలకి గుక్కెడు క్లోరిన్ నీళ్లు గొంతులోకి. దగ్గుకుంటూ లేస్తే గట్టు మీద కూర్చున్న మా అమ్మాయి (తొమ్మిదేళ్లు) "నాన్నా, నీ గొట్టానికి జలుబు చేసింది" అంటోంది.

పూల్‌లో అలలే లేవు కదా, మరి నీళ్లెలా వస్తున్నాయి? అసలు రాకుండా చేసే ఉపాయం ఏమన్నా ఉందా? డ్రై స్నార్కెల్ అని ఇంకో రకం అమ్ముతున్నారు, అది కొనుక్కోమంటారా?


షార్జాశీను | శనివారం, రాత్రి 9:52

డ్రైది కొనేయండి భయ్యా, ఆలోచించొద్దు. పైకొసన బెండులా తేలే బిళ్ల ఒకటి ఉంటుంది, నీళ్లు తగలగానే లేచి మూసేస్తుంది. ఫుజైరా వైపు అల్ అఖాలో స్నూపీ ఐలాండ్ దగ్గర నేను రెండేళ్లుగా అదే వాడుతున్నా. చుక్క రాదు.


సాగరంబాబాయ్ (విశాఖ) | శనివారం, రాత్రి 10:15

మందు రాసే ముందు రోగమేంటో చూద్దాం శీనూ.

కొత్తబార గారూ, కొన్ని సంగతులు చెప్పండి. గొట్టం అడుగున, గడ్డం దగ్గర, చిన్న గిన్నెలా ఉండి దానికి పల్చటి సిలికాన్ బిళ్ల ఉందా? దాన్ని పర్జ్ వాల్వ్ అంటారు. నీళ్లు గబుక్కున ఒకేసారి వస్తున్నాయా, కొంచెం కొంచెంగా ఊరుతున్నాయా? ఈదేటప్పుడు మీ చూపు ఎటు ఉంటోంది, కిందికా, ఎదుటి గోడ మీదికా?

గబుక్కున వస్తే పైకొస నుంచి వచ్చినట్టు. ఊరుతుంటే కింద ఎక్కడో కన్నం ఉన్నట్టు. గట్టు మీదే ఒక పరీక్ష చెయ్యండి. పైకొసని అరచేత్తో గట్టిగా మూసి, మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని గాలి పీల్చండి. బుగ్గలు లోపలికి పోయి అక్కడే ఆగిపోవాలి. గాలి వస్తోందంటే గొట్టం కారుతోందన్నమాట.


పాలకొల్లుపిల్లోడు | శనివారం, రాత్రి 10:31

మేం చెరువులో బొప్పాయి కాడ నోట్లో పెట్టుకుని మునిగేవాళ్లమండి. ఇలాంటిదానికి జనం డబ్బులు పెడతారని అప్పుడే తెలిస్తే మా పెరట్లో చెట్టుతో కోటీశ్వరులమయ్యేవాళ్లం.


కొత్తబార | శనివారం, రాత్రి 10:44

బాబాయ్ గారూ, వాల్వ్ ఉంది. ఒక్కోసారి ఊరుతున్నట్టు, ఒక్కోసారి గబుక్కున. చూపు ఎదురుగానే, గోడకి తల కొట్టుకుంటానేమోనని. ఫ్రీస్టైల్ వేస్తున్నాను. ఆ అరచెయ్యి పరీక్ష రేపు చేస్తాను.


నీలిదీవి | ఆదివారం, ఉదయం 6:20

మాది పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం, అలవాటు పోలేదు). మా తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. సీజన్లో స్వరాజ్ ద్వీప్‌లో, అదే హేవ్‌లాక్‌లో, టూరిస్టులతో స్నార్కెల్ చేయిస్తుంటాను. రోజుకి పాతికమంది పొలమారడం చూస్తాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి.

కొత్తబార అన్నయ్యా, నీళ్లు రాని స్నార్కెల్ కోసం వెతకొద్దు. అలొస్తుంది, పక్కవాడు కాళ్లు తన్ని చిమ్ముతాడు, నీ ఊపిరిలో తేమే గొట్టం గోడలకి పట్టి కారుతుంది, దాంతోపాటు నోట్లో లాలాజలం. వచ్చినవాటిని బయటికి తోలడం వస్తే అవి ఎన్నిసార్లొచ్చినా లెక్కలేదు. గంటసేపు నీళ్లలో ఉంటే నేను ఎన్నిసార్లు ఊదుతానో నాకే తెలీదు, చొక్కా సర్దుకున్నట్టు జరిగిపోతుంటుంది.

ఇప్పుడు తల సంగతి. గొట్టం చెవి పక్క నుంచి వెళ్లి నడినెత్తి మీద నిటారుగా నిలబడాలి. మొహం కిందికి ఉంచి, చూపు నేల మీద ఓ బారెడు ముందుకి పడేట్టు పెట్టుకుంటే నిలబడుతుంది. నువ్వేమో గోడ కోసం మెడెత్తుతున్నావు. మెడ ఎత్తినకొద్దీ గొట్టం వెనక్కి వాలి, కొస వీపు వైపు నీళ్లకి దిగుతుంది. ఇంక అలలతో పనేముంది? పైగా ఫ్రీస్టైల్ అంటున్నావు. ఎడమపక్క గొట్టం పెట్టుకుని ఒళ్లు ఎడమకి తిప్పావంటే గొట్టాన్ని నీ చేత్తో నువ్వే ముంచుతున్నట్టు. స్నార్కెల్‌కి బారలు వెయ్యరు. చేతులు పక్కన పెట్టేసుకుని, తొడల దగ్గర నుంచి కాళ్లు నెమ్మదిగా ఆడించుకుంటూ పోవడమే. తొందరెందుకు, చేపలేమన్నా బస్సెక్కి పోతాయా?

మౌత్‌పీస్‌కి లోపల రెండు బొడిపెలుంటాయి. వాటిని పళ్లతో ఊరికే పట్టుకోవాలి, చెరుకు ముక్కలా కొరక్కూడదు. గట్టిగా కొరికితే పెదాల మూలలు తెరుచుకుని అక్కణ్ణుంచి నీళ్లొస్తాయి, పావుగంటకి దవడ లాగేస్తుంది. నవ్వినా అంతే. ఎలిఫెంట్ బీచ్‌లో చిలకచేపని చూసి నవ్వినవాళ్లందరూ ఓ గుక్క ఉప్పునీళ్లు తాగినవాళ్లే.

ఇక ఊదడం. ఊపిరి ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యకు. కొంచెం దాచుకో. గుడగుడ వినపడగానే పీల్చడం ఆపి, ఆ దాచుకున్న గాలితో ఒక్కసారి "తూ!" అని కొట్టాలి. నీళ్లు పైకొస నుంచి తిమింగలం చిమ్మినట్టు లేవాలి. వెంటనే రెండో "తూ" కి గాలి చాలదు కాబట్టి మధ్యలో ఒక చిన్న ఊపిరి మెల్లగా, జాగ్రత్తగా తీసుకోవాలి. నాలుక కొస అంగిలికి ఆనించి పీలిస్తే మిగిలిన చుక్కలు నాలుక మీద పడతాయి, గొంతులోకి పోవు. మా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది పొలమారేది నీళ్లు వచ్చినందుకు కాదు. ఊదగానే గొట్టం ఖాళీ అయిపోయిందనుకుని గబుక్కున గుండెలనిండా పీల్చినందుకు.

నడుంలోతులో నిలబడి, వంగి మొహం పెట్టి, చేత్తో కావాలనే గొట్టంలోకి నీళ్లు పోసుకుని ఊదు. ఓ ఇరవైసార్లు చెయ్యి. తర్వాత ఈదు.


షార్జాశీను | ఆదివారం, ఉదయం 9:05

ఇంత తిప్పలు దేనికి భయ్యా... డ్రైది పెట్టుకుంటే అసలీ తూతూలే ఉండవు కదా.


కొత్తబార | ఆదివారం, సాయంత్రం 6:50

నీలిదీవి తమ్ముడూ, చాలా థాంక్స్. కిందికి చూస్తూ కాళ్లతోనే పోతే గబుక్కున రావడం ఆగిపోయింది. కానీ ఊదితే సగం నీళ్లే పోతున్నాయి. బలంకొద్దీ ఊపిరి అయిపోయేదాకా ఊదుతున్నాను, అయినా అడుగున గుడగుడ మిగిలే ఉంటోంది. తల తిరుగుతోంది కూడా.


ఓరుగల్లు_యాదన్న | ఆదివారం, రాత్రి 8:12

అన్నా, నువ్వు ఊదుగొట్టంతోని పొయ్యి ఊదినట్టు ఊదుతున్నవ్. గట్ల పొడుగ్గ ఊదితే గాలి బుడగలు బుడగలుగ నీళ్లల్లకెల్లి పైకి పోతది, నీళ్లు ఆడ్నే ఉంటయ్. సీతాఫలం గింజ ఉమ్మినట్టు కొట్టాలె. బుగ్గలు, పొట్ట ఒక్కటేసారి. అప్పుడు గాలి ముద్దలెక్క పోయి నీళ్లను ముందల పెట్టుకొని తోల్తది. నేను గోవాల నేర్చుకున్నప్పుడు నా సోపతిగాడు గిదే చెప్పిండు, ఒక్కరోజుల పట్టుకొచ్చింది.


సాగరంబాబాయ్ | ఆదివారం, రాత్రి 9:30

యాదన్న సరిగ్గా చెప్పాడు. గొట్టం లోపలి వెడల్పు 2 సెంటీమీటర్లు, పొడుగు 40 అనుకుంటే అందులో పట్టేవి 125 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసుడు నీళ్లు. అవి పోవడానికి గుండెలనిండా గాలి అక్కర్లేదు, వేగం కావాలి.

శీను చెప్పిన డ్రై స్నార్కెల్ గురించి ఒక మాట. నేను జలాంతర్గాముల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. రామకృష్ణా బీచ్‌లో ఒడ్డున పెట్టిన ఐఎన్ఎస్ కుర్సురా చూసుంటారు, 1969 నాటిది, 2002 నుంచి మ్యూజియం. అలాంటి డీజిల్ పడవలన్నిటికీ స్నార్కెల్ ఉంటుంది. పడవ నీళ్లలోనే ఉండి, గొట్టం కొస మాత్రం పైకి పెట్టి ఇంజన్లకి గాలి పీల్చుకుని బ్యాటరీలు చార్జ్ చేసుకుంటుంది. మేం దాన్ని స్నార్టింగ్ అనేవాళ్లం. నిజానికి ఈ పేరే అక్కణ్ణుంచి వచ్చింది. డచ్చివాళ్ల దగ్గరున్నదాన్ని రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు తీసుకుని వాడారు, స్నార్కెల్ అన్నది వాళ్ల మాట. ఆ తర్వాతే ఈతగాళ్ల గొట్టానికి ఆ పేరు పడింది.

ఆ గొట్టం కొసనా ఒక వాల్వ్ ఉంటుంది, అల మీదికొస్తే మూసుకుంటుంది. శీను డ్రై స్నార్కెల్ ఉపాయం అచ్చంగా అదే. అది మూసుకున్నప్పుడు ఇంజను ఆగుతుందా? ఆగదు. బయట గాలి అందక పడవలో ఉన్న గాలినే లాగేస్తుంది. మా చెవులు టప్‌మని పట్టేసేవి. అల దిగాక వాల్వ్ తెరుచుకుంటే మళ్లీ టప్. సముద్రం బాగోని రాత్రుళ్లు కంటిమీద కునుకుండేది కాదు.

ఈతగాడికి వచ్చేసరికి ఇంజను స్థానంలో ఉండేది ఊపిరితిత్తులు. సరిగ్గా పీల్చబోయేసరికి మూత పడిందనుకోండి, నోరు పట్టేసినట్టవుతుంది. అలవాటున్నవాడు ఒక క్షణం ఆగుతాడు. లేనివాడు బెదిరిపోతాడు. ఇసక రేణువో ఉప్పుబిళ్లో ఇరుక్కుంటే మూత తెరుచుకోదు, లేదా మూసుకోదు. పైగా మునిగినప్పుడు గొట్టం నిండా గాలే కాబట్టి పైకి తేలాలని మాస్కుని పక్కకి లాగుతుంటుంది. డ్రై స్నార్కెల్ వద్దనడం లేదు. ఊదడం రానివాడికి అది ఇచ్చి పంపడం మాత్రం నాకు నచ్చదు.


షార్జాశీను | ఆదివారం, రాత్రి 10:02

ఒప్పుకుంటున్నా బాబాయ్. నాకూ ఒకసారి మూత ఇరుక్కుంది, అందుకే ఇప్పుడు ఇంటికి రాగానే మంచినీళ్ల బకెట్లో నానేసి, బిళ్ల కిందికీ పైకీ ఆడుతోందో లేదో ఊపి చూస్తా. ఇది ముందే రాయాల్సింది. "చుక్క రాదు" అన్నది కూడా కొంచెం ఎక్కువే చెప్పాను. కాస్త వస్తుంది.


బెజవాడ_వాసవి | సోమవారం, ఉదయం 11:18

మధ్యలో దూరుతున్నందుకు సారీ అండీ. మొహమంతా కప్పేసే మాస్కులు వస్తున్నాయి కదా, ముక్కుతోనే ఊపిరి తీసుకోవచ్చట. మా అత్తగారికి 62 ఏళ్లు, బీపీ ఉంది, నోటితో పీల్చడం ఆవిడకి ఇబ్బంది. అదైతే తేలిక కదా? మేమూ డిసెంబర్లో అండమానే.


డాక్టర్_కాకినాడ | సోమవారం, మధ్యాహ్నం 2:40

వాసవి గారూ, మీ అత్తగారిని ముందు ఆవిణ్ణి చూసే డాక్టర్‌కి చూపించండి. ఇది మాట వరసకి అనడం లేదు. ఎందుకో చెబుతాను.

మామూలుగా మనం ఒకసారి పీల్చే గాలి అర లీటరు, అంటే 500 మిల్లీలీటర్లు. అందులో 150 దాకా ముక్కు, గొంతు, శ్వాసనాళం దగ్గరే ఆగిపోయి వెనక్కొస్తుంది, పనికొచ్చేది 350. ఇప్పుడు బాబాయ్ గారి లెక్క ప్రకారం 125 గొట్టం తగిలించండి. గొట్టంలో ఉన్నది మీరు కిందటిసారి వదిలిన గాలే. ముందు అదే లోపలికి వస్తుంది. పనికొచ్చేది 225కి పడిపోయింది. భయంతో గబగబా, పైపైన 300 చొప్పున పీలిస్తే కొత్త గాలి 25 మాత్రమే. కొత్తబార గారికి తల తిరగడానికి ఈ లెక్కా ఒక కారణం అయ్యుండొచ్చు, అతిగా ఊదడం ఇంకోటి. నెమ్మదిగా, లోతుగా పీల్చండి అని అందరూ చెప్పేది ఇందుకే. యూరప్ ప్రమాణంలో పెద్దవాళ్ల స్నార్కెల్ 38 సెంటీమీటర్లు, 230 మిల్లీలీటర్లు దాటకూడదని పెట్టారు.

మొహమంతా కప్పే మాస్కులో ఆ చోటు ఇంకా పెద్దది. మంచి తయారీలో ముక్కూ నోరూ ఉండే చిన్న గది వేరుగా ఉండి, వాల్వులు వదిలిన గాలిని పక్క దారిలో పంపుతాయి. ఆ అంచు మీ మొహానికి సరిగ్గా అతకకపోతే వదిలిన గాలే మళ్లీ పీలుస్తారు. నీళ్లు చేరితే "తూ" అని కొట్టడానికి లేదు, పట్టీలు లాగి మాస్కు మొత్తం తీసెయ్యాలి. ముక్కు పట్టుకుని చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడానికీ కుదరదు కాబట్టి దాంతో మునగకూడదు. చెడ్డ వస్తువని అనడం లేదు. డెకాథ్లాన్ ఈజీబ్రీత్ మాస్కుకే 2020లో ఇటలీలో ఒక వాల్వ్ ముద్రించి తగిలించి కోవిడ్ రోగులకి ఆక్సిజన్ ఇవ్వడానికి వాడారు. పూల్‌లోనో, నిలబడే లోతులోనో వేసుకుంటే పర్లేదు.

హవాయిలో స్నార్కెల్ చేస్తూ పోయినవాళ్ల గురించి అక్కడి ప్రభుత్వం డబ్బిచ్చి అధ్యయనం చేయించింది. చాలామంది కొట్టుకోలేదు, అరవలేదు. నీళ్లు మింగడం కన్నా, ఇరుకైన గొట్టంలోంచి బలంగా లాగి పీల్చడం వల్ల ఊపిరితిత్తుల్లోనే నీరు ఊరి ఆక్సిజన్ పడిపోవడం ఒక ముఖ్య కారణమై ఉంటుందన్నారు. గుండె జబ్బు ఉన్నవాళ్లకి ప్రమాదం ఎక్కువ. అందుకని, శ్రమ లేకుండానే ఆయాసం వచ్చినా, కాళ్లూ చేతులూ బలహీనంగా అనిపించినా, గొట్టం తీసిపారేసి వెల్లకిలా తిరిగి చెయ్యి ఎత్తి పిలవాలి. "ఇంకో రెండు నిమిషాల్లో ఒడ్డు" అనుకోవద్దు.


పాలకొల్లుపిల్లోడు | సోమవారం, సాయంత్రం 5:05

ఇదంతా ఎందుకండి, రెండు మీటర్ల పొడుగు పైపు పెట్టుకుంటే అలలు అందవు, చేపల మధ్యకే వెళ్లి కూర్చోవచ్చు. నిజంగానే అడుగుతున్నా, బొప్పాయి కాడ మూరెడున్నప్పుడే ఎందుకో పీల్చడం కష్టంగా ఉండేది.


డాక్టర్_కాకినాడ | సోమవారం, సాయంత్రం 5:48

ఆ మూరెడు కాడే మీకు జవాబు చెప్పింది. మీటరు లోతులో ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 100 గ్రాముల బరువు అదనంగా పడుతుంది. మీ రొమ్ము 30 సెంటీమీటర్లకి 30 అనుకుంటే 90 కిలోలు. పైపులో గాలి మాత్రం పైనున్న గాలే, దానికి ఆ ఒత్తిడి లేదు. అంటే ఓ మనిషిని రొమ్ము మీద కూర్చోబెట్టుకుని ఊపిరి తియ్యాలి. పక్కటెముకల కండరాలకి అంత బలం లేదు. లాగాలని చూస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దుర్యోధనుడు మడుగులో దాక్కున్నది జలస్తంభన విద్యతో, బొప్పాయి కాడతో కాదు.


పాలకొల్లుపిల్లోడు | సోమవారం, సాయంత్రం 5:51

అర్థమైందండి. పైపు ప్లాను కేన్సిల్.


ల్యాప్‌లత | సోమవారం, రాత్రి 9:20

నేను సముద్రం మనిషిని కాదు, పొద్దున్నే పూల్‌లో కిలోమీటరు ఈదేదాన్ని. కొత్తబార గారూ, మీకు ఫ్రీస్టైలే కావాలంటే దానికి వేరే స్నార్కెల్ ఉంది. నుదుటి మీదుగా మధ్యలో నిలబడుతుంది, ఒళ్లు ఎటు తిప్పినా కొస మునగదు. ఊపిరి కోసం తల తిప్పే పని ఉండదు కాబట్టి చేతులెలా పడుతున్నాయో చూసుకోవడానికి బాగుంటుంది. పోటీల్లో మాత్రం వాడనివ్వరు.

నాకు మొదటి పదిరోజులు నీళ్లొచ్చింది గొట్టంలోంచి కాదు, ముక్కులోంచి! కళ్లద్దాలే కదా ఉండేది, ముక్కు తెరిచే ఉంటుంది. నోటితో పీల్చుతున్నాననుకుంటూనే తెలీకుండా ముక్కుతోనూ లాగుతున్నా. ముక్కు క్లిప్పు పెట్టుకుని వారం ఈది, తర్వాత తీసేశాను. గోడ దగ్గర పల్టీ కొట్టేటప్పుడు ఎలాగూ గొట్టం నిండుతుంది. అప్పుడు ఊపిరి బిగబట్టి, గోడని తన్ని, తల పైకి తేలాకే ఒక్క దెబ్బ ఊదాలి. తేలకముందే ఊదితే నీళ్లు పోయిన దారినే మళ్లీ వస్తాయి, మిగలేది ఖాళీ ఛాతీ.


కొత్తబార | మంగళవారం, రాత్రి 8:35

దొరికింది!!

యాదన్న చెప్పిన సీతాఫలం దెబ్బ బాగా పడుతోంది, మా అమ్మాయి గట్టు మీంచి మార్కులేస్తోంది. అయినా నిమిషానికోసారి అడుగున ఊట తగ్గలేదు. అప్పుడు గుర్తొచ్చింది బాబాయ్ గారి అరచెయ్యి పరీక్ష, శనివారం రాత్రే చెప్పారు, నేనే బద్ధకించాను. మూసి పీలిస్తే సన్నగా "సీ..." అని గాలి. బట్టలుతికే సబ్బునీళ్లు వాల్వ్ మీద రాసి ఊదితే బుడగలొచ్చాయి, పీలిస్తే అక్కణ్ణుంచే లోపలికి గాలి. వాల్వ్ గిన్నె మూత గోటితో తీసి, సిలికాన్ బిళ్ల అంచు ఎత్తి లైటు కింద చూశాను. ఒక పొడుగాటి వెంట్రుక. బిళ్ల కింద అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకి. నాకు బట్టతల, మీసం మాత్రమే ఉంది, కాబట్టి ఎవరిదో మీరే ఊహించండి. నేను ఆఫీసుకెళ్లాక నా గొట్టాన్ని ఎవరో ప్రాక్టీసుకి తీసుకెళ్తున్నారని ఈ రోజే తెలిసింది.

వెంట్రుక లాగేసి, బిళ్ల కడిగి బిగించాను. పరీక్ష పాస్. ఇరవై నిమిషాలు ఈదాను, రెండే సార్లు ఊదాను.

ఒకటే మిగిలింది. మాస్కులోకి ముక్కు కింద నుంచి కొంచెం నీళ్లు వస్తున్నాయి.


సాగరంబాబాయ్ | మంగళవారం, రాత్రి 9:00

వెంట్రుకవాసి తేడా అంటే ఇదే మరి.

అన్నట్టు ఆ సబ్బునీళ్ల సంగతి. ఊదినప్పుడు బుడగలు రావడం సహజమే, వాల్వ్ బాగున్నా వస్తాయి. అది ఒకవైపే తెరుచుకునే తలుపు, ఊదితే బయటికి తెరుచుకుంటుంది, పీలిస్తే మూసుకోవాలి. మూసుకోనివ్వనిది వెంట్రుక. వాల్వ్ ఎప్పుడూ నీటి మట్టానికి కిందే ఉంటుంది కాబట్టి సందు ఉంటే చాలు, అలతో పనిలేకుండా ఊరుతూనే ఉంటుంది. బిళ్ల అంచు వంకర తిరిగినా, చిరిగినా అంతే. అప్పుడు బిళ్ల మార్చాలి.


ఓరుగల్లు_యాదన్న | మంగళవారం, రాత్రి 9:14

మీసం ఉందంటివి గదా అన్నా. మాస్కుల నీళ్లకు గదే కారణం.


నీలిదీవి | బుధవారం, ఉదయం 5:50

యాదన్నకి నూటికి నూరు. మన తెలుగు టూరిస్టులతో మాకు రోజూ ఉండే పేచీ ఇది. మాస్కు అంచు చర్మానికి ఆనాలి, వెంట్రుకల మధ్య నుంచి నీళ్లు దారి చేసుకుంటాయి. మీసం మొత్తం తియ్యక్కర్లేదు, ముక్కుకి ఆనుకుని ఉన్న పైవరస సన్నగా కత్తిరిస్తే చాలు. లేదంటే సిలికాన్ గ్రీజు కొంచెం రాసుకో. వాజలీన్ వద్దు, మాస్కుకి రబ్బరు భాగాలుంటే పాడైపోతాయి. కొంచెం వచ్చినా భయపడకు. మాస్కు పైఅంచు నుదుటికి నొక్కిపట్టి, తల కొంచెం ఎత్తి, ముక్కుతో వదిలితే కింద నుంచి పోతాయి.

ఇప్పుడు నువ్వు నిలకడగా తేలుతున్నావు కాబట్టి ఇంకోటి చెబుతా. లైఫ్ జాకెట్ లేకుండా మునిగి చూడాలనిపిస్తే (ఒంటరిగా మాత్రం వద్దు), మునగ్గానే గొట్టం నిండుతుంది, నిండనీ. ఊపిరి బిగబట్టే ఉన్నావు కదా. పైకొచ్చేటప్పుడు తల వెనక్కి వాల్చి ఆకాశం వైపు చూస్తూ రా. అప్పుడు గొట్టం కొస నీ నోటికన్నా కిందికి ఉంటుంది. కొంచెం గాలి వదిలితే చాలు, ఆ గాలి పైకి పోలేక గొట్టంలోనే పరుచుకుంటూ నీళ్లని కొస వైపు తోసేస్తుంది. నీటిపైకి తేలి మొహం కిందికి తిప్పేసరికి గొట్టం దాదాపు ఖాళీ. "తూ" కి పట్టే బలంలో పావు వంతు కూడా అక్కర్లేదు. నేను వాడేది ఎక్కువగా ఇదే, దవడా ఊపిరీ మిగులుతాయి.


బెజవాడ_వాసవి | బుధవారం, ఉదయం 10:30

డాక్టర్ గారూ, అత్తగారు గాజు అడుగున్న పడవలోంచి చూస్తారట. ఆవిడే తేల్చేశారు. థాంక్సండీ.


కొత్తబార | 26 రోజుల తర్వాత, స్వరాజ్ ద్వీప్ నుంచి

ఎలిఫెంట్ బీచ్‌లో నలభై నిమిషాలు. మీసం పైవరస త్యాగం చేశాను, మాస్కులో చుక్క లేదు. గొట్టంలోకి అల రెండు మూడుసార్లు గబుక్కున దిగింది, సీతాఫలం గింజ ఉమ్మేశాను. గైడు నన్ను చూసి "నేవీనా సార్?" అన్నాడు. బాబాయ్ గారూ, అవునని చెప్పలేదు కానీ కాదనీ చెప్పలేదు.

చిలకచేప పగడాన్ని కొరుకుతుంటే టకటకమని చప్పుడు నీళ్లలో వినిపిస్తుందని ఎవరూ చెప్పలేదేం! నవ్వాను. ఓ గుక్క తాగాను.

ఇప్పుడు మా అమ్మాయికి సొంత గొట్టం కావాలట. నాది పెట్టుకుంటే బొడిపెలు దాని నోట్లో పట్టడం లేదు. ఏ సైజు తీసుకోవాలి?


నీలిదీవి | అదే రోజు, రాత్రి 7:15

పిల్లల సైజే తీసుకో అన్నయ్యా. గొట్టం పొట్టిగా, సన్నగా ఉండాలి, మౌత్‌పీస్ చిన్నది. డాక్టర్ గారి లెక్క గుర్తుందిగా, చిన్న ఊపిరితిత్తులకి పెద్ద గొట్టం ఇస్తే వదిలిన గాలే పీలుస్తూ ఉంటుంది. కొనే ముందు మౌత్‌పీస్ నోట్లో పెట్టి పెదాలు పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో చూడు. జుట్టు మాత్రం జడేసి టోపీలోకి దోపించు.